మన ఊరి బిందెల వరసను మళ్లీ నిలబెట్టండి

గ్రామపంచాయతీ సర్పంచ్ గారికి, ఉపసర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, కార్యదర్శి గారికి, మన ఊరి యువకులకు నమస్కారం.

సర్పంచ్ గారూ, వరసకు మీరు నాకు కోడలు. ఎదురుపడితే "ఏం బిడ్డా, బాగున్నవా" అని పలకరించేవాణ్ణి. కానీ ఇది అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే ముచ్చట కాదు, ఊరి పని: మంట ఆర్పే జట్టును మళ్లీ నిలబెట్టుకునే పని. అందుకే గారూ అని రాస్తున్నాను, అందరూ చదవాలనే బహిరంగంగా రాస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో కింది వాడలో పశువుల కొట్టం తగలబడిన రోజు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. ముందు గడ్డివాము అంటుకుంది, వడగాలికి నిమిషాల్లో మంట కొట్టం మీదికి పాకింది. పక్కింటి పిల్లవాడు వెంటనే 101కి ఫోన్ చేశాడు. ఫైరింజన్ ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి రావాలి. వాళ్లు ఆలస్యం చేశారని నేను అనను, ఫోన్ అందగానే బయలుదేరారు. దారి అంత ఉంది మరి.

ఆ బండి వచ్చేలోపు మనం ఏం చేశామన్నదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నలభై మందిమి పోగయ్యాం. పది మంది ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. తీగలకు మంట తగులుతుందని కరెంటు తీసేయించారు, అది సరైన పనే. కానీ కరెంటు పోగానే బోర్లన్నీ ఆగిపోయాయి. నల్లా వాల్వు తిప్పే మనిషి పెళ్లికి పోయాడు, తాళం చెవి ఆయన జేబులోనే ఉంది. పంచాయతీ ట్యాంకర్ నర్సరీ దగ్గర ఖాళీగా నిలబడి ఉంది. ఎవరింట్లోంచి వాళ్లు చిన్న బకెట్లతో, మగ్గులతో ఉరికి వచ్చి, వేడికి దగ్గరికి పోలేక దూరం నుంచే నీళ్లు చల్లి వెనక్కి తిరిగారు. ఆ నీళ్లు మంటకు చేరనే లేదు. లోపల కట్టేసిన దూడను విప్పలేకపోయాం. దాని అరుపు ఆగిపోయాక అందరం కాసేపు ఊరికే నిలబడ్డాం.

మంట ఆర్పడం ఈ ఊరికి రానిది కాదు. ఒకప్పుడు బాగా వచ్చు. అది ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చూసినవాళ్లు ఇంకా కొద్దిమందే మిగిలాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి ఊరు మీలో చాలామంది చూడలేదు. పెంకుటిళ్లు పది పదిహేను ఉండేవి, తక్కినవన్నీ తాటికమ్మల గుడిసెలు, బోదగడ్డి గుడిసెలు. చూరుకు చూరు తగిలేంత దగ్గరగా ఉండేవి. పొద్దున పొయ్యి అంటించడానికి పక్కింటి నుంచి నిప్పు కణికలు పిడక మీద పెట్టుకుని తెచ్చుకునేవాళ్లం. రాత్రి గ్యాస్‌నూనె దీపం. ఆరని బూడిద తీసుకెళ్లి పెంటకుప్ప మీద పోసేవాళ్లు, గాలి లేస్తే అందులోంచి మిణుగురులు ఎగిరేవి. ఎండాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒక చోట అంటుకునేది.

ఆ ఏడాది దళితుల వాడలో మంట లేచింది. డప్పు మోగింది. దండోరా దెబ్బ వేరు, మంట దెబ్బ వేరు. మంట దెబ్బ ఎడతెగకుండా కొడతారు, అది వింటే పొలంలో నాగలి పట్టిన మనిషి కూడా వదిలేసి ఉరికొచ్చేవాడు. ఊరి చేదబావికి నాలుగు గిరకలు ఉండేవి. ఆడవాళ్లు నాలుగు వైపులా నిలబడి బొక్కెనలు లాగుతున్నారు. అక్కడి నుంచి మనుషులు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. నిండు బిందెలు ఒక వైపు నుంచి పోతున్నాయి, ఖాళీవి తిరిగి తెచ్చే పని మా పిల్లలది. ఎవరూ నేర్పలేదు, అయినా పని నడిచింది.

కానీ వరస చింతచెట్టు కింద తెగింది.

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా అబద్ధమే అవుతుంది. ఊరి బావి వేరు, వాడ బావి వేరు. ఎండాకాలం వాడ బావి అడుగంటేది. ఊరి బావి నుంచి వచ్చిన బిందె చింతచెట్టు దాకా చేతులు మారుతూ వచ్చేది. అక్కడ ఊరివాళ్లు దాన్ని నేల మీద పెట్టేవాళ్లు. వాళ్లు చెయ్యి తీశాకే వాడవాళ్లు ఎత్తుకునేవాళ్లు. ఒక్కో బిందెకు రెండు మూడు క్షణాలు. తొందరలో దించిన మట్టికుండలు నా కళ్ల ముందే రెండు పగిలాయి, నీళ్లన్నీ దుమ్ములో ఇంకిపోయాయి. ఆ రోజు పదకొండు గుడిసెలు కాలాయి. వాటిలో కొన్ని ఆ రెండు మూడు క్షణాల వల్లే కాలాయని పెద్దయ్యాక అర్థమైంది.

మరుసటి ఎండాకాలం మళ్లీ అంటుకుంది. ఈసారి చింతచెట్టు దగ్గర మా మేనత్త ఉంది. తన ముందు మనిషి బిందె దించబోతుంటే ఆమె గట్టిగా అరిచింది: "కింద పెట్టకు, చేతికియ్యి!" ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఎదురుగా నిలబడ్డ వాడ మనిషి చేతికి ఇచ్చాడు. ఆ తర్వాత బిందె నేల మీద పెట్టిన వాళ్లు లేరు. ఆ రోజు మూడు గుడిసెలే కాలాయి. అంతటితో ఊళ్లో అంటరానితనం పోయిందని చెప్పను, పోలేదు. కానీ మంట దగ్గర మాత్రం ఆ తెగిన వరస మళ్లీ తెగలేదు. మన ఊరి ఫైర్ బ్రిగేడ్ పుట్టిన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ రోజే అంటాను. మా మేనత్త చదువుకోలేదు, ఆమె పేరు ఏ రికార్డులోనూ లేదు.

ఆ తర్వాత పద్నాలుగు మంది కలిసి ఒక జట్టు అయ్యారు. పేరేం పెట్టుకోలేదు, రిజిస్ట్రేషన్ లేదు. కుర్మోళ్లు ఉన్నారు, గౌడులు ఉన్నారు, మాదిగలు, మాలలు ఉన్నారు, ఇద్దరు ముస్లింలు ఉన్నారు, మా నాన్న ఉన్నాడు. ఎవరికి వచ్చిన పని వాళ్లది. గౌడులు తాటిచెట్టు ఎక్కినంత సులువుగా పక్క గుడిసె మీదికి ఎక్కి, మంట అందుకోకముందే కమ్మలు కోసి పడేసేవాళ్లు. కింద నుంచి మిగతావాళ్లు పొడవాటి వెదురు గడకు ఇనుప కొక్కెం కట్టి, చూరుకు తగిలించి లాగేవాళ్లు. కాలుతున్న ఇల్లు ఎట్లాగూ కాలుతుంది, దాని పక్క ఇంటి కప్పు తీసేస్తే తక్కిన వాడ మిగులుతుంది. అదే వాళ్ల లెక్క. కుర్మోళ్లు గొంగళ్లు తడిపి తెచ్చేవాళ్లు. ఉన్ని తొందరగా అంటుకోదు. తడి గొంగడి కప్పుకుని లోపలికి పోయి ముసలివాళ్లను, పసిపిల్లలను ఎత్తుకొచ్చిన వాళ్లను నేను చూశాను. బయటికి వచ్చాక ఆ గొంగడి నుంచి ఆవిరి లేచేది, కాలిన ఉన్ని వాసన వచ్చేది.

ఇదంతా మన ఊరి పెద్దలు కొత్తగా కనిపెట్టారని కూడా కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పట్టణాధికారి బాధ్యతలు చెప్పే చోట నిప్పు గురించి పెద్ద భాగమే ఉంది. ప్రతి ఇంటి దగ్గర అయిదు కుండల నీళ్లు, నిచ్చెన, గొడ్డలి, పొగను విసరడానికి చేట, కప్పు లాగడానికి కొక్కెం, నీళ్ల తోలుసంచి ఉండాలన్నాడు. ఎండాకాలం గడ్డి కప్పులు తీసేయాలన్నాడు. వీధుల్లో నీళ్ల కుండలు వరసగా పెట్టాలన్నాడు. మంట చూసి కూడా ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు జరిమానా. పరుగెత్తడం మంచితనం కాదు, బాధ్యత అని అంత పాత పుస్తకంలోనే ఉంది. మా జట్టులో ఒక్కరు కూడా ఆ పుస్తకం చూడలేదు. అయినా కొక్కెం, నిచ్చెన, గొడ్డలి అన్నీ చావడిలో ఒక మూలకు ఉండేవి. ఎవరి సొంత పనికీ వాటిని ముట్టేవాళ్లు కాదు.

మన ఊరి మొదటి ఫైరింజన్ కథ కూడా చెప్పాలి. అది ఒక రైతు బావి దగ్గర మోటకు బదులు పెట్టిన ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్. "నా ఇంజన్ బాయి కాడ ఉంటది, మంట ఊళ్లె ఉంటది, ఎట్ల?" అని ఆయనే అడిగాడు. కమ్మరి, వడ్రంగి కలిసి ఒక పాత ఎడ్లబండి మీద ఇంజన్‌ను, పంపును బోల్టులతో బిగించారు. క్యాన్వాస్ పైపు కొనడానికి డబ్బు ఎక్కడిదంటే, పీర్ల పండుగ చందాలో మిగిలింది. అలావ గుండంలో నిప్పుల మీద నడిచే ఊరు నిప్పును ఆర్పే పైపు కొనుక్కుంది. ఎండాకాలం నాలుగు నెలలు ఆ బండి చేదబావి పక్కనే ఉండేది.

దాన్ని స్టార్ట్ చేయడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. సక్షన్ పైపు బావిలోకి వదులుతారు. పైనుంచి బిందెతో నీళ్లు పోసి పైపు నింపాలి, లేకపోతే పంపు గాలి పీలుస్తుంది తప్ప నీళ్లు పట్టదు. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు దగ్గర చెత్త ఇరుక్కుంటే పోసిన నీళ్లు పోసినట్టే జారిపోయేవి. పైపు అతుకుల దగ్గర గాలి లోపలికి పోకుండా పేడ మెత్తేవాళ్లు. ఒకాయన హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకాయన వేగం అందుకున్న క్షణంలో లివర్ వదిలేవాడు. నల్లటి పొగ ఒకసారి, రెండోసారి, మూడోసారికి డుగ్గు డుగ్గు మని అందుకునేది. ముడతలు పడి ఉన్న క్యాన్వాస్ పైపు ఒక్కసారిగా పాములా లేచి గట్టిపడేది. ఆ టెన్షన్‌లో కూడా పిల్లలందరం కేకలు వేసేవాళ్లం. ప్రతి శుక్రవారం, మంట ఉన్నా లేకపోయినా, ఇంజన్ ఒకసారి స్టార్ట్ చేసి చూసేవాళ్లు. నన్నడిగితే ఆ ఇంజన్ కంటే ఆ శుక్రవారం అలవాటే గొప్పది.

మరి ఇదంతా ఎట్లా పోయింది? ఎవరూ రద్దు చేయలేదు. ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి, స్లాబులు వచ్చాయి, గుడిసెలు తగ్గాయి. మంచి మార్పే. కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్‌ను పాత ఇనుము కింద అమ్మేశారు. బోర్లు పడ్డాక చేదబావిలో చెత్త వేశారు, తర్వాత పూడ్చేశారు. జట్టులో కొందరు భీవండికి, కొందరు హైదరాబాద్‌కు పనికి పోయారు. ఊరికి కళ్లూ చెవులూ అయిన సుంకరి, నీరడి గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్‌ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు, అయ్యారు, 2023లో వేరే శాఖల్లో కలిసిపోయారు. వాళ్ల జీవితాలకు అది న్యాయమే. కానీ అర్ధరాత్రి మంట లేస్తే ఊరిని లేపే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాయలేదు.

గుడిసెలు తగ్గాయి కాబట్టి నిప్పు భయం తగ్గిందని అనుకున్నాం. నిప్పు చోటు మార్చుకుంది, అంతే. ఇప్పుడు పత్తి ఇళ్లలోనే నిల్వ ఉంటుంది, ముందు గదిలో పత్తి, వెనక గదిలో పిల్లలు. అంటుకున్న పత్తి పైన మంట ఆరినట్టు కనిపించి లోపల రాజుకుంటూనే ఉంటుంది, విడదీసి తడపాలి. గడ్డివామూ అంతే. వరి కొయ్యలకు నిప్పు పెడుతున్నాం, అది గట్టు దాటి ఈత, తాటి చెట్లను కాలుస్తోంది. గౌడుల బతుకుదెరువు అట్లా బూడిద అవుతోంది. గ్యాస్ సిలిండర్లు, ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ బండ్లు, లూజు వైర్లు సరే సరి.

సర్పంచ్ గారూ, ఒక విషయం మీ దృష్టికి తేవాలి. మన రాజ్యాంగంలో 12వ షెడ్యూల్ అని ఉంది, మున్సిపాలిటీలకు అప్పగించగల 18 అంశాలు అందులో ఉన్నాయి. అగ్నిమాపక సేవలు వాటిలో ఒకటి. పంచాయతీలకు 11వ షెడ్యూల్, అందులో 29 అంశాలు. వ్యవసాయం, చేపలు, గ్రంథాలయాలు, సంతలు అన్నీ ఉన్నాయి. అగ్నిమాపకం మాత్రం లేదు. కాగితం మీద చూస్తే మంట పట్టణాల సమస్య. గడ్డి, పత్తి, కట్టెలు నిండిన ఊళ్లకు ఆ మాట ఎట్లా సరిపోతుంది? 2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్లతో పథకం పెట్టింది. మన వైపు ఇంకో స్టేషన్ కావాలని తప్పకుండా అడుగుదాం, తీర్మానం చేసి పంపుదాం. కానీ స్టేషన్ వచ్చినా బండి వచ్చేలోపు మొదటి పదిహేను నిమిషాలు మనవే.

ఆ పదిహేను నిమిషాలకు కావలసినవి ఇప్పుడు మన దగ్గరే ఉన్నాయి. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ వచ్చాయి. మన ట్యాంకర్‌లో అయిదు వేల లీటర్లు పడతాయి. మామూలు ఫైరింజన్ మోసుకొచ్చేది కూడా సుమారు 4,500 లీటర్లే. ఇరవై లీటర్ల బిందెలైతే మన ట్యాంకర్ నీళ్లు 250 బిందెలు! మా మేనత్త కాలంలో 250 బిందెలు చేరాలంటే గంట పట్టేది. మనకు అంత నీరు చక్రాల మీద ఉంది, కానీ ఖాళీగా ఉంది.

కాబట్టి హోళీ నుంచి మృగశిర కార్తె దాకా ట్యాంకర్ రాత్రిళ్లు నిండుగా ఉండాలి. మొక్కలకు పోసి వచ్చాక మళ్లీ నింపి పెట్టాలి, అంతే. ట్యాంకర్ కుళాయి నుంచి నీళ్లు ధారగా కారితే మంట ఆరదు, తోసే పంపు కావాలి. కరెంటు తీసేస్తారు కాబట్టి అది పెట్రోలుదో డీజిలుదో అయి ఉండాలి. అది కొనేదాకా ఆగాల్సిన పని లేదు. మన ఊళ్లో బత్తాయి తోటలున్న రైతుల దగ్గర మందు కొట్టే ట్రాక్టర్ స్ప్రేయర్లు, వందల అడుగుల పైపులు ఉన్నాయి. ఆ రైతులను పిలిచి అడగండి. ఆ రోజు ఆయిల్ ఇంజన్ ఇచ్చిన రైతు లాంటివాళ్లు ఇప్పుడూ ఉన్నారు, అడిగినవాళ్లే లేరు. మందు డ్రమ్ము బాగా కడిగి వాడుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు కరెంటు లేకున్నా కిందికి వస్తాయి, ఆ వాల్వు తాళం చెవులు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. కరెంటు బంద్ అయ్యేదాకా ఎవరూ నీళ్లు చల్లకూడదు, లైన్‌మన్ నంబర్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

జట్టు విషయం యువకులకు చెబుతున్నా. తమ్ముళ్లూ, బిడ్డలూ, మీలో వినాయక చవితికి రాత్రింబగళ్లు పని చేసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. వాడవాడ నుంచి ఇద్దరేసి చాలు, అందులో సగం ఆడవాళ్లు ఉండాలి. పగటిపూట ఊళ్లో ఉండేది వాళ్లే, బావి దగ్గర నాలుగు గిరకలు లాగింది కూడా వాళ్లే. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి ఉన్న ఓడ పేలిపోయి, మంట ఆర్పుతున్న అగ్నిమాపక సిబ్బంది 66 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఆ వారం. ఆ వారంలో ఫైర్ స్టేషన్ వాళ్లను మన ఊరికి పిలిపించి నేర్పించమని పంచాయతీ తరఫున లేఖ రాయండి, వస్తారు. సిలిండర్ మంటను తడి గోనెసంచితో ఎట్లా కప్పాలో చేసి చూపిస్తారు.

ఊరి జనం మంట ఆర్పడం ఎక్కడో జరిగే విచిత్రం కాదు. నల్లమలలో, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, ఎండాకాలం వచ్చిందంటే చెంచులు ఫైర్ వాచర్లుగా పని చేస్తారు. ఎండుటాకులు ఊడ్చి ఫైర్ లైన్లు వేసి మంటను అక్కడే ఆపుతారు. ఆ అడవి మన జిల్లాలోకీ వచ్చింది. జర్మనీలో 1847లో కార్ల్స్‌రూహె నాటకశాల తగలబడినప్పుడు పక్కనున్న దుర్లాఖ్ అనే చిన్న పట్టణం నుంచి స్వచ్ఛంద జట్టు చేతి పంపుతో వచ్చి మంటను అదుపు చేసింది. వాళ్ల దగ్గర మనలాగా ఆయిల్ ఇంజన్ కూడా లేదు. కానీ వాళ్లు తమ చరిత్రను రాసి పెట్టుకున్నారు.

అందుకే నా చివరి విన్నపం ఇది. జట్టుకు తీర్మానం చేసేటప్పుడే, పాత జట్టు పద్నాలుగు మంది పేర్లు, మా మేనత్త పేరు కూడా గ్రామసభ మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు బతికి ఉన్నారు. ఒకాయనకు చూపు తగ్గింది, అయినా మంట దెబ్బ డప్పు మీద ఎట్లా కొట్టాలో వేళ్లతో మంచం పట్టె మీద కొట్టి చూపించాడు నాకు. కార్యదర్శి గారు ఒక రోజు కాగితం, పెన్ను తీసుకుని నాతో వస్తే వాళ్లిద్దరి దగ్గర కూర్చుని అంతా రాసుకోవచ్చు. తొందరగా రావాలి.

చావడి కూలగొట్టిన రోజు మా నాన్న ఆ ఇనుప కొక్కెం ఇంటికి తెచ్చాడు. గడ చెదలు పట్టి పోయింది గానీ కొక్కెం గట్టిగానే ఉంది, మా దూలానికి వేలాడుతోంది. వచ్చే గ్రామసభకు దాన్ని తీసుకొస్తాను. కొత్త గడకు కట్టి, పంచాయతీ ఆఫీసులో గోడకు, అందరికీ అందే ఎత్తులో పెట్టండి.

ఇట్లు
మీ ఊరి పెద్దమనిషి